పిండి బిళ్ళలూ, సగం బొటనవేలూ

మా మేనకోడలు ఒక్క మందు చుక్క వాడకుండా నాలుగు వందల మందికి మోకాళ్ళ నొప్పులు తగ్గించింది. అంతటితో ఆగకుండా, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే ఒక మనిషిని జైల్లోంచి బయటికి తెచ్చింది.

సరే, నాలుగు వందలు కాదు, నలభై ఒక్కమంది. తగ్గించింది అని కూడా అనకూడదేమో. తగ్గిందని వాళ్ళు చెప్పారు, ఆమె రాసుకుంది. జైలు సంగతి నిజమే కానీ, తెచ్చింది ఆమె కాదు, వాళ్ళ నాన్న. ఇలా ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ పోతే చెప్పడానికి చివరికేమీ మిగలదు కనుక ఇక్కడ ఆపుతాను. మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తాను. నేను కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి. అబద్ధం ఎంతవరకు ఆడవచ్చో సిస్టర్లు నాకు బెత్తంతో కొలిచి మరీ నేర్పారు.

ఆమెకిప్పుడు నలభై మూడేళ్ళు. మా అక్కకి ఒక్కతే కూతురు. యూనివర్సిటీలో సోషల్ సైకాలజీ చెబుతుంది. ఆ శాస్త్రం ఏమిటని ఎవరైనా అడిగితే మా అక్క, "పక్కవాణ్ణి చూసి మనం ఎలా పాడవుతామో అది చదువుతుంది" అంటుంది. అంతకంటే బాగా చెప్పినవాళ్ళు నాకింతవరకు కనపడలేదు. వీధిలోవాళ్ళకి మాత్రం ఆమె పిండి డాక్టరు.

ఐదేళ్ళప్పుడు మెట్ల మీద పడి మోచెయ్యి గీరుకుంది. వాళ్ళమ్మ ఉఫ్ అని ఊదింది, ఏడుపు ఆగింది. మర్నాడు రెండో మోచెయ్యి గీరుకుంది. ఆ పూట ఇంట్లో నేనే ఉన్నాను కాబట్టి నేను ఊదాను. తగ్గలేదంది. ఇంకాస్త గట్టిగా ఊదాను. అప్పుడు ఏడుపు ఆపి నన్ను తేరిపార చూసి, "అమ్మ కూడా నోటితోనే ఊదింది. మరి నువ్వు ఊదితే ఎందుకు తగ్గట్లేదు మామయ్యా?" అని అడిగింది. ఆ ప్రశ్ననే పట్టుకుని ఆ పిల్ల డిగ్రీ మీద డిగ్రీ చదివేసింది.

యూనివర్సిటీలో ఆమె గది లైబ్రరీ వెనక, నాలుగు మెట్లు కిందికి దిగితే ఉంటుంది. ఒకే కిటికీ, ఒక ఫ్రిజ్, మూడు కుర్చీలు. ఫ్రిజ్‌లో రెండు రకాల సీసాలు ఉండేవి. ఒకదాంట్లో నొప్పి మందు, రెండోదాంట్లో మందులాగే కనిపించే పిండి బిళ్ళలు. పిండికి కాస్త చేదు పూయించింది. తియ్యగా ఉండే మందుని మనిషి నమ్మడట. మోకాళ్ళ నొప్పులని మూలిగే వాళ్ళని పోగుచేసి, మూడు వారాలు రోజుకో బిళ్ళ ఇప్పించి, మెట్లు ఎక్కించి గడియారం చూసుకునేది. అందులో పదిహేడో నంబరు నేను.

మాది నాలుగో అంతస్తు. లిఫ్టు ఉన్నా ఆ మూడు వారాలూ మెట్లే ఎక్కాలని షరతు. అప్పట్లో రెండో అంతస్తు దాకా ఎక్కి, అక్కడ కాపురమున్న పెద్దమనిషి తలుపు కొట్టి వాతావరణం గురించి మాట్లాడేవాణ్ణి. నాకు తనంటే ప్రాణమని ఆయన అనుకునేవాడు, ఆయాసమని నాకు తెలుసు. పదకొండో రోజు ఆ తలుపు కొట్టకుండానే పైకి వెళ్ళిపోయాను. మూడు వారాలయ్యాక మేనకోడలు పిలిచి, "నువ్వు వేసుకున్నది పిండి మామయ్యా" అని చెప్పింది.

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేశాను. "పిండే అనుకుందాం. మరి నొప్పి ఎక్కడికి పోయింది?"

"నేను వెతుకుతున్నదీ అదే" అంది.

ఆ వెతుకులాటలో ఆమెకి అనుకోనిది ఒకటి దొరికింది. మొదట్లో బిళ్ళలు ఇచ్చే పని ఒక రిటైరైన నర్సుది. ఏ సీసాలో ఏముందో ఆవిడకి తెలుసు. అసలు మందు ఇచ్చేటప్పుడు "వేసుకోండి, తగ్గుతుంది" అనేది. పిండి ఇచ్చేటప్పుడు "వేసుకోండి" అని ఊరుకునేది. అందరికీ ఒకే మాట చెప్పమని కట్టడి చేశారు. అప్పుడూ తేడా పోలేదు. ఈసారి ఆవిడ కనుబొమలు మాట్లాడాయి. ఆఖరికి ఏ సీసాలో ఏముందో ఆవిడకి కూడా చెప్పడం మానేశాక గానీ లెక్క కుదరలేదు. అప్పట్నుంచి మా మేనకోడలికి అదే గాయత్రి అయిపోయింది: ఇచ్చేవాళ్ళకి కూడా తెలియకూడదు. ఇంట్లో టీ తాగుతున్నా, పెట్టింది ఎవరో ముందు చెప్పొద్దంటుంది.

"నీ చదువు తగలెయ్య, టీకి కూడా పరీక్షేనా? మీ నాన్న పెట్టాడు, చచ్చినట్టు బాగుందను" అంటుంది మా అక్క.

ఆ నాన్న, అంటే మా బావ, ముప్పై నాలుగేళ్ళు వేలిముద్రల ఆఫీసులో పనిచేశాడు. ఆఫీసులో ఆయన్ని భూతద్దం గారు అనేవారు. పొట్టి మనిషి. పెన్సిల్‌ని బ్లేడుతో సూదిలా చెక్కుకుంటాడు. భూతద్దాన్ని తుడిచే గుడ్డతో ఇంకేదీ తుడవనివ్వడు. దొంగతనం జరిగిన చోట దొరికిన వేలిముద్ర ఫోటో ఒకవైపు, పోలీసులు అనుమానించిన మనిషి వేలిముద్ర ఇంకోవైపు పెట్టుకుని, ఏ గీత ఎక్కడ ఆగింది, ఏది రెండుగా చీలింది అని గుర్తులు వెతుకుతాడు. పన్నెండు కలిస్తే సరిపోయినట్టు. కోర్టులో బోనెక్కి, "నాకు సందేహం లేదు" అనేవాడు. ఆ మాట వినగానే జడ్జీలు కలం మూత పెట్టేవారట. ఇది ఆయన చెప్పిందే.

ఒకరోజు బావ కళ్ళజోడు ఇంట్లో మరిచిపోతే మేనకోడలు తీసుకెళ్ళి ఇచ్చింది. ఇచ్చి రావచ్చు కదా. గోడ పక్కన బల్ల మీద కూర్చుని గంటసేపు చూసింది. కవరు వచ్చింది. పైన పోలీసుల ఉత్తరం, దాని కింద క్లిప్పు పెట్టిన ఫోటోలు. బావ ఉత్తరం మొత్తం చదివాడు. ఎవరిని పట్టుకున్నారో, అతని మీద పాత కేసులేమున్నాయో, ఎంత తొందరో అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత రెండు గుక్కలు టీ తాగి, అప్పుడు ఫోటోలు తీశాడు.

"నాన్నా, ముందు ఉత్తరం ఎందుకు చదువుతారు?"

"ఏం పంపారో తెలియాలి కదమ్మా."

"ముద్ర చూస్తే తెలియదా?"

"తెలుస్తుంది."

"మరి ఉత్తరం?"

"అది పద్ధతి" అన్నాడు బావ.

పద్ధతి ఇంకొకటి కూడా ఉంది. ఒకరు చూసిన ముద్రని రెండో నిపుణుడు మళ్ళీ చూసి సంతకం పెట్టాలి. బావ పక్క టేబులాయన పదకొండేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. ఆఫీసులో ఆయన పేరే రెండో సంతకం. ఫైలు ఆయన దగ్గరికి వచ్చేసరికి పైన బావ అభిప్రాయం, కింద బావ సంతకం ఉంటాయి.

"మీరెప్పుడైనా కాదన్నారా బాబాయ్?" అని ఆయన్ని అడిగింది మా పిల్ల.

"మీ నాన్నగారు చూశాక కాదనడానికి ఏముంటుందమ్మా" అన్నాడాయన, చాలా మర్యాదగా.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, "మామయ్యా, రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అంటారు చూడు, అక్కడ అదే నడుస్తోంది" అంది. "ఆ ఉత్తరం మా నర్సు కనుబొమల్లాంటిది. ఎవరూ అబద్ధం చెప్పరు, ఎవరూ మోసం చెయ్యరు. కానీ నాన్న భూతద్దం తీసేలోపే సగం చూసేస్తున్నారు."

ఆ మాట బావ ముందు కూడా అంది. బావకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "వేలిముద్ర అబద్ధం చెప్పదు" అన్నాడు, వినీ వినపడకుండా.

"అది అసలేమీ చెప్పదు నాన్నా. చెప్పేది మీరు."

మా అక్క వంటింట్లోంచి, "అన్నం ముందు ఈ గొడవలేంటి? ఆ వేళ్ళేవో కడుక్కుని రండి" అంది.

పరీక్ష పెట్టడానికి ఆఫీసు పెద్ద ఒప్పుకున్నాడు. అక్కడి ఐదుగురు నిపుణులూ కాగితం మీద సమ్మతి రాసిచ్చారు. ఏడాదిలో ఎప్పుడో ఒకసారి, మామూలు కవర్ల మధ్య పరీక్ష కవర్లు వస్తాయి. ఏవో వాళ్ళకి తెలియదు. ఎవరి ఫలితం ఏమిటో అడగనని, ఎవరికీ చెప్పనని మేనకోడలు సంతకం పెట్టింది. నాన్న మాత్రం అందులో ఉండొద్దని ఆమె మొత్తుకుంది. బావ వినలేదు. "కూతుర్ని మా మీదికి తోలి తను తప్పుకున్నాడంటారు. నన్ను కూడా రాసుకో" అన్నాడు.

కవర్లలో పెట్టేవి కొత్త ముద్రలు కావు. అసలు కిటుకు అదే. ఎనిమిదేళ్ళ కింద ఎవరు చూసిన ముద్రలు వాళ్ళకే, ఫోటోలు కొత్తగా తీసి, కొత్త ఉత్తరాలతో పంపడం. అప్పుడు సరిపోయిందన్న జతకి, ఆ మనిషి కాదేమో అనిపించే ఉత్తరం. సరిపోలేదన్న జతకి, వాడే అనిపించే ఉత్తరం. గుమాస్తా ఒకాయన పాత ఫైళ్ళు తీసి, ఒక్కొక్కరికీ ఒక సంకేతం అంకె ఇచ్చి, ఎవరిది ఏ అంకో ఉన్న జాబితాని తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. మేనకోడలికి కూడా అంకెలే తెలుసు, మనుషులు తెలియదు.

"కాగితం మీద నమ్మేటట్టు అబద్ధాలు రాసే మనిషి కావాలి. నువ్వే గుర్తొచ్చావు మామయ్యా" అంది. జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక్క బిరుదు అది. ఇరవై ఉత్తరాలు రాశాను. ఒకదాంట్లో అనుమానితుడు నేరం ఒప్పేసుకున్నాడు. ఇంకోదాంట్లో అతను ఆ వారమంతా ఆసుపత్రిలో కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. మరోదాంట్లో దొంగ నేరం ఒప్పుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చి, చనిపోయిన తల్లిని తలుచుకున్నాడు. ఆ తల్లిని మేనకోడలు కొట్టేసింది. "పోలీసులు ఇవి రాయరు మామయ్యా." ఇప్పటికీ ఆ వాక్యం పోయినందుకు నాకు బాధే.

కవర్లు వెళ్ళాయి. అవి తిరిగొచ్చే లోపల మా లిఫ్టు ఆగిపోయింది.

మా వీధిలో లిఫ్టులన్నీ చూసేది ఒకే మెకానిక్. మాట తక్కువ మనిషి. తలుపుకి చెవి ఆనించి లోపల తాడు చప్పుడు వినేవాడు, డాక్టరు గుండె విన్నట్టు. నాలుగు వీధుల అవతల ఒక గడియారాల కొట్టులో అద్దాల బీరువా తెరిచి ఎవరో గడియారాలు పట్టుకుపోయారు. ఆ భవనం లిఫ్టుకి కూడా ఇతనే మెకానిక్. అద్దం మీద సగం బొటనవేలి ముద్ర దొరికింది. కుర్రతనంలో ఇతని మీద చిన్న కేసు ఒకటి ఉండేది కనుక పోలీసులు ఇతన్ని పట్టుకున్నారు. ముద్ర బావ టేబుల్ మీదికి వచ్చింది. బావ పన్నెండు గుర్తులు చూపించాడు. రెండో సంతకం పడింది. మెకానిక్‌ని జైల్లో పెట్టారు. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున విచారణ. ఆ ముద్ర తప్ప అతని మీద ఇంకేమీ లేదు.

ఆదివారం భోజనాల దగ్గర నేను ఊరుకోలేకపోయాను. "బావా, నా లిఫ్టుని జైల్లో పెట్టించావు."

"లిఫ్టు దొంగతనం చేస్తే నేనేం చెయ్యను" అన్నాడు బావ. "సగం వేలిలోంచి పన్నెండు తీశానయ్యా. ఆఫీసులో ఇంకొకడు ఆరు తీస్తే గొప్ప."

మేనకోడలు నీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది. "ఉత్తరంలో ఏముంది నాన్నా?"

"ఏముంటుంది? పాత కేసు ఉంది, అదే భవనంలో పని, తొందరగా తేల్చమన్నారు."

"ఇంకోసారి చూడండి."

"నీకోసం చూస్తాలే" అన్నాడు. బుధవారం చూశాడు కూడా, ముందు తను పెట్టుకున్న గుర్తులనే పక్కన పెట్టుకుని. మళ్ళీ పన్నెండే వచ్చాయి. తాను పట్టిన కుందేలుకి ఈసారి కూడా మూడే కాళ్ళు.

వారం తర్వాత పరీక్ష కాగితాలు తిరిగొచ్చాయి. ఐదుగురిలో నలుగురు తమ పాత అభిప్రాయాన్ని కనీసం ఒక్క జతలోనైనా మార్చేశారు. కవర్లు చింపిపెట్టడానికి నేను అక్కడే ఉన్నాను. మారినవాటిలో ఒక కాగితం మీద గుర్తులకి వేసిన అంకెల్లో ఏడుకి నడుమున అడ్డగీత ఉంది.

"ఇది మీ నాన్న ఏడు" అన్నాను. "నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. నాకు సందేహం లేదు."

ఆమె ముఖం పాలిపోయింది. తనూ ఆ ఏడుని అప్పటికే చూసింది. కత్తెర తీసి అన్ని కాగితాల నకళ్ళలోంచీ ఏడు అంకె ఉన్న ముక్కలని మాత్రమే కత్తిరించింది. వాటి వెనక ఎవరి సంకేతం అంకె వాళ్ళకి రాసి, టేబుల్ మీద పరిచి, "నాన్నవి ఏరు మామయ్యా" అంది.

నేను ధీమాగా రెండు ఏరాను. వెనక్కి తిప్పింది. ఒకటి మూడో నంబరు మనిషిది, ఇంకొకటి ఐదో నంబరు మనిషిది. ఎంత గొప్పవాడైనా మా బావ ఇద్దరు కాలేడు.

"చూశావా" అంది. "లిఫ్టు మెకానిక్ సంగతి మనసులో పెట్టుకుని చూశాం. అందుకే ఇద్దరికీ నాన్నే కనిపించారు. అది ఆయనది అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. నాకు తెలియదు."

"గుమాస్తాని అడుగు, తెలుస్తుంది."

"అడగనని సంతకం పెట్టాను."

"అమ్మడూ, అక్కడ ఒక మనిషి జైల్లో ఉన్నాడు."

"నాకు తెలియదనుకున్నావా?" అంది. గొంతు వాళ్ళ నాన్నలాగే తగ్గిపోయింది. "నాన్న పాత ముద్రలో తడబడ్డారనే అనుకుందాం. దాన్నిబట్టి ఈ ముద్ర తప్పని తేలుతుందా? తేలదు. నేను వెళ్ళి చెబితే నా మాట విని మారుస్తారు, లేదా నా మీద కోపంతో మార్చరు. రెండింట్లోనూ ముద్ర చూసింది ఎవరు? ఎవరూ కాదు. ఆయనంతట ఆయనే చూడాలి. లేదంటే ఇరవయ్యో తారీఖున బోనెక్కి సందేహం లేదంటారు, ఆ మనిషి ఏళ్ళ తరబడి లోపలే ఉంటాడు."

ఆమె చెయ్యగలిగింది ఒక్కటే. ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి, పేర్లు లేకుండా ఫలితం చెప్పింది. ఐదుగురిలో నలుగురు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. ఇక్కడ ఒక్కరూ తడుముకోలేదు. ఐదుగురూ మిగతా నలుగురి వంక జాలిగా చూశారట. ఆ మారని ఒక్కడు తనేనని ఐదుగురికీ గట్టి నమ్మకం. బావ ఆ రోజు హుషారుగా ఇంటికొచ్చి, "పాపం, రెండో సంతకం ముఖం చూడాల్సింది" అన్నాడు. కూతురు వినలేక లేచి వెళ్ళిపోయింది. విచారణకి పన్నెండు రోజులుంది.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మా బాల్కనీలో బావా నేనూ కూర్చున్నాం. లిఫ్టు లేనందువల్ల ఆయన కూడా నాలుగు అంతస్తులు ఎక్కొచ్చాడు, ఆయాసపడుతున్నాడు. నన్ను ఆటపట్టించాలనిపించినట్టుంది. "నీకు పిండి పెట్టి నొప్పి తగ్గించిందట కదయ్యా. అంత తేలిగ్గా ఎలా మోసపోయావు?"

"మోసపోలేదు బావా. నిజంగానే తగ్గింది."

"పిండికి తగ్గుతుందా?"

"తగ్గిందంటున్నాను కదా. నా మోకాలు, నా మెట్లు. నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు."

"నువ్వు అబద్ధం చెప్పలేదంటే నమ్మమంటావు."

"ఈ ఒక్కదాంట్లో" అన్నాను.

ఆయన నవ్వాడు. కాసేపయ్యాక, "పిండి అని తెలిశాక మళ్ళీ వచ్చిందా?" అని అడిగాడు.

"ఆ సాయంత్రం మూడో అంతస్తులో కొంచెం వచ్చింది."

"మరి ముందు తగ్గింది నిజమా, తర్వాత వచ్చింది నిజమా?"

"రెండూ నిజమే. అదే కదా నా ఏడుపు. అప్పుడు నన్ను బోనెక్కించి అడిగినా సందేహం లేదనేవాణ్ణి."

నేను ఏదో అనాలని అనలేదు. నా మోకాలి గౌరవం కోసం అన్నాను. కానీ బావ నవ్వు ఆగిపోయింది. టీ కప్పు తాగకుండానే కింద పెట్టేశాడు. "చూసినవాడికి చూసినట్టే ఉంటుందన్నమాట" అన్నాడు, నాతో కాదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగింది నాకు గుమాస్తా చెప్పాడు. ఆయన నాకంటే తక్కువ అబద్ధాలాడే మనిషి.

సోమవారం పొద్దున బావ గుమాస్తాని పిలిచి, "పాత ఫైళ్ళలోంచి సగం సగం ముద్రలున్నవి ఆరు జతలు తియ్యి. గడియారాల కొట్టుది ఏడోది. పేర్లు, ఉత్తరాలు, నా గుర్తులు ఏవీ ఉండకూడదు. ఒట్టి ఫోటోలు. వరస కలిపేసి రెండో సంతకం టేబుల్ మీద పెట్టు" అన్నాడు.

"మీరే చూడొచ్చు కదండీ."

"నేను దాన్ని మరిచిపోలేను. నా కళ్ళు దీనికి ఇక పనికిరావు" అన్నాడు బావ. "ఇంకో మాట. పెట్టేసి బయటికి వచ్చెయ్యి. నీ ముఖం చూసి కనిపెట్టేస్తాడు."

రెండో సంతకం ఏడు జతలూ తిరగేసి చూసి, "సార్, మీ అభిప్రాయం కాగితం పెట్టడం మరిచిపోయినట్టున్నారు" అన్నాడు.

"మరిచిపోలేదు. మీరే ముందు చూడండి."

పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి ఆయనకి కిందగా సంతకం పెట్టడానికి పైన సంతకం లేదు. మొదటి రోజు మూడుసార్లు లేచి నీళ్ళు తాగాడట. సొరుగులోంచి తన భూతద్దం తీసి, దాని మీది దుమ్ము చూసి తనే సిగ్గుపడ్డాడట. రెండో రోజు మధ్యాహ్నానికి గానీ ముగించలేదు. ఐదు జతలకి సరిపోయిందనో లేదనో రాశాడు. రెండింటికి చెప్పలేనన్నాడు. అందులో ఒకటి నాలుగో జత. "మరక ఎక్కువగా ఉంది. ఆరు గుర్తులే దొరికాయి. చెప్పలేను" అని రాసి, భయంభయంగా బావ దగ్గరికి తెచ్చాడు. "ఈ నాలుగోది ఎవరు చూసింది సార్? సరిపోయిందని ఎవరైనా అన్నారా?"

"నేనన్నాను" అన్నాడు బావ. "కింద మీరూ అన్నారు."

నెల కిందట తను సంతకం పెట్టిన ముద్రని ఆయన గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలంటే ముందు చూసి ఉండాలి కదా.

బావ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తన పన్నెండు గుర్తులూ ఒక్కొక్కటే చూపించమన్నాడు. ఆరు దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. ఏడోది మరక. ఎనిమిదోది ముద్ర తియ్యడానికి చల్లిన పొడి అంటుకున్న చోటు. మిగతావి బావకి ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టిందని గుమాస్తా అన్నాడు. లేవని తెలిశాక కూడా, ఉత్తరం చదివిన కళ్ళకి అవి అక్కడ ఉన్నాయట.

ఆ సాయంత్రమే బావ కోర్టుకి రాశాడు. ఈ ముద్ర ఫలానా మనిషిదని చెప్పడానికి చాలదు, ఇంతకుముందు ఇచ్చిన అభిప్రాయాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అని మూడు వాక్యాలు. ముప్పై నాలుగేళ్ళలో అలాంటి ఉత్తరం అదే మొదటిది. కేసు చూస్తున్న పోలీసు అధికారి వచ్చి టేబుల్ మీద చెయ్యి వేసి, "రిటైరయ్యే ముందు మాకీ బహుమతి ఏంటండీ?" అన్నాడు. "చూసిన దానికంటే ఎక్కువ చెప్పాను, అది సరిచేశాను" అన్నాడు బావ. కోర్టులో ఉన్న రెండు కేసులకి ఆయన్ని మళ్ళీ పిలవలేదు. వీడ్కోలు సభలో ఆయన్ని పొగడాల్సిన పెద్దమనిషి వాతావరణం గురించి మాట్లాడి కూర్చున్నాడు. ఇంట్లో మా అక్క మూడు రోజులు అందరి మీదా మండిపడింది. "ముప్పై నాలుగేళ్ళు మంచివాడనిపించుకుని, చివరి రెండు నెలలు ఆగలేకపోయారా?" అంది. నాలుగో రోజు ఆయన కోటు తనే ఇస్త్రీ చేసి, "పోనీలెండి, అబద్ధం చెప్పి మాత్రం దిగిపోలేదు" అంది.

ఇప్పుడా ఆఫీసులో కవరు రాగానే ఉత్తరం గుమాస్తా దగ్గరే ఆగిపోతుంది. ఫోటోలు మాత్రమే లోపలికి వెళతాయి. రెండోవాళ్ళకి మొదటివాళ్ళ కాగితం కనపడదు. కొత్తలో అందరూ విసుక్కున్నారు. రెండో సంతకం మాత్రం కళ్ళజోడు కొత్తది చేయించుకున్నాడు.

మెకానిక్ బయటికొచ్చాడు. గడియారాలు అతనే తీశాడో లేదో నాకు తెలియదు. బావకీ తెలియదు. ఆయన రాసింది కూడా అదే. ఒకరోజు బావ మా ఇంటికి వస్తే కింద లిఫ్టు దగ్గర అతనే ఉన్నాడట. ఈయనెవరో అతనికి తెలియదు. తలుపు తెరిచి పట్టుకుని, "ఎన్నో అంతస్తు సార్?" అన్నాడట. బావ నాలుగు అని చెప్పి, పైకొచ్చేదాకా నేల వంక చూస్తూ నిలబడ్డానని నాతో చెప్పాడు. ఆ సగం వేలు గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది అంతే.

ఇదంతా రాసి, అచ్చుకి ఇచ్చేముందు మేనకోడలికి చూపించాను. నా టేబుల్ దగ్గర కూర్చుని పెన్సిల్ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. ఎక్కడా గీత పెట్టలేదు. మధ్యలో ఒకచోట ఆగి కిటికీలోంచి చూసింది, అది ఏ చోటో నాకు కనపడలేదు. కాగితాలు సర్ది, అంచులు కలిపి, నా ముందు పెట్టింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుంది. జరగలేదు."

"ఏది జరగలేదు?"

"ఏదీ జరగలేదు మామయ్యా. ఆ పరీక్షలో ఎవరెవరున్నారో నాకు తెలియదు. నాన్న అందులో లేరు. ఏడు అంకె కత్తిరించడం అసలే లేదు. నాన్న ఆ అభిప్రాయం మార్చుకున్నది ఆయనకి అలా కనిపించింది గనక. ఎవరు అడిగినా నేను ఇదే చెబుతాను."

"అడిగేది నేనే కదే, ఇంట్లో మనిషిని."

"నీకూ ఇదే చెబుతున్నాను" అంది. "ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు."